వాల్వు ఆంప్ మనమే కట్టుకుందాం – 7వ పాఠం: ఈ హమ్ ఎక్కడిది?

పోయిన పాఠంలో మన గిటార్ ఆంప్‌కు తొలిసారి కరెంటు ఇచ్చాం. తర్వాత మీరు రాసినవన్నీ చదివాను. ఈసారి టోన్ గురించి చెప్పాలనుకున్నా, దాన్ని పక్కన పెడుతున్నాను. చాలామందికి గిటార్ పలికింది, దాంతోపాటు హమ్ (ఆగకుండా గుయ్‌మనే మోత) కూడా వచ్చింది. కొందరికి గిటార్ పెట్టకముందే ఊళ మొదలైంది. మొదటి రోజు ఇవి మామూలే. నాకు టెన్షన్ పెట్టింది వేరే సంగతి. హమ్ తగ్గుతుందని ప్లగ్గులో ఎర్త్ వైరు ఊడదీశామని ఒకరిద్దరు కాదు, చాలామంది రాశారు.

"గ్రౌండ్ వైర్లన్నీ ఒకేచోట కలపండి" అని నేనన్నది చాసిస్ (ఆంప్ లోహపు పెట్టె) లోపలి సంగతి. గోడ సాకెట్ నుంచి వచ్చే ఎర్త్ వేరు. అది పవర్ కార్డు లోపలికి రాగానే దానికంటూ ఉన్న ఒక బోల్టుతో చాసిస్‌కు బిగించాలి. ఆ బోల్టు మీద ఇంకే వైరూ ఉండకూడదు, దాన్ని మళ్లీ విప్పకూడదు. ఎందుకో చూడండి. మీ గిటార్ తీగలు బ్రిడ్జ్ ద్వారా జాక్‌కు, జాక్ ద్వారా చాసిస్‌కు కలిసి ఉంటాయి. అంటే వాయిస్తున్నంతసేపూ మీరు చాసిస్‌ను పట్టుకునే ఉన్నారు. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇన్సులేషన్ దెబ్బతిన్నా, ఫేజ్ వైరు ఊడి చాసిస్‌కు తగిలినా, ఎర్త్ ఉంటే ఫ్యూజు పోతుంది. ఎర్త్ లేకపోతే ఫ్యూజుకు ఏమీ తెలియదు, 230 ఓల్టులు తీగల మీదే కూర్చుంటాయి. చెప్పులు లేకుండా నేల మీద నిలబడి వాయిస్తే ఆ దారి మీ గుండె మీదుగా పోతుంది.

ఎర్త్ తీస్తే హమ్ తగ్గింది నిజమే అంటారు. తగ్గే ఉంటుంది. ఆంప్ ఒక సాకెట్‌లో, దానికి కలిపిన మిక్సరో ల్యాప్‌టాప్ ఛార్జరో వేరే గదిలోని సాకెట్‌లో ఉంటే, ఎర్త్‌కు రెండు దారులై మధ్యలో చుట్టు ఏర్పడుతుంది. ఆ చుట్టులో వచ్చేదే ఆ హమ్. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టండి, చాలావరకు పోతుంది. టూ పిన్ అడాప్టర్లు పెట్టినవాళ్లకూ ఇదే మాట. పాత ఇళ్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉన్నా లోపల వైరు ఉండకపోవచ్చు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు 230కి దగ్గరగా చూపించకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అప్పటిదాకా ఆంప్ ఆన్ చేయకండి. ఈ విషయంలో నేను ఒక్క అడుగు కూడా తగ్గను.

ఇక ఊళ. మనం కడుతున్నది ఫెండర్ చాంప్ 5ఎఫ్1 సర్క్యూట్. ఇందులో స్పీకర్ వైపు నుంచి 22 కె (22,000 ఓమ్‌ల) రెసిస్టర్ ద్వారా కొంత సిగ్నల్ వెనక్కి, 12ఏఎక్స్7 (గిటార్ సిగ్నల్‌ను ముందుగా పెంచే వాల్వు, లోపల రెండు సగాలు ఉంటాయి) రెండో సగం క్యాథోడ్‌కు వెళుతుంది. అది ఎదురు దిశలో వెళ్లాలి. ట్రాన్స్‌ఫార్మర్ వైర్లు తిరగబడితే తోడు దిశలో వెళ్లి ఊళ పెడుతుంది. ఆ రెసిస్టర్ ఒక కొస విప్పి చూడండి. ఊళ ఆగితే కారణం అదే. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైర్లు రెండూ జాక్ దగ్గర అటూ ఇటూ మార్చి, రెసిస్టర్ మళ్లీ పెట్టండి. స్పీకర్ దగ్గర వైర్లు మార్చితే మాత్రం ఏమీ మారదు. వెనక్కి పోయే సిగ్నల్ జాక్ దగ్గరే బయల్దేరుతుంది.

ఇప్పుడు అసలు పాఠం. చాలామంది హమ్ వినగానే కెపాసిటర్లన్నీ మార్చేశారు, కొత్త వాల్వులు ఆర్డర్ పెట్టారు. ముందు హమ్‌ను వినండి. దానికి ఒక స్వరం ఉంటుంది, అదే చోటు చెబుతుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్. 5వై3 రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే వాల్వు) ఏసీ అల రెండు సగాలనూ వాడుకుంటుంది కాబట్టి, హెచ్‌టీ (వాల్వులకు వెళ్లే ఎక్కువ ఓల్టుల డీసీ) సరఫరాలో మిగిలిన అల 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. గిటార్ లావు తీగ మూడో ఫ్రెట్ జీ స్వరం 98 హెర్ట్జ్. ఆ జీ మీటి, హమ్‌తో పోల్చండి. దాదాపు అదే స్వరమైతే ఫిల్టర్ కెపాసిటర్లు, వాటి గ్రౌండ్ చూడాలి. దానికి ఒక ఆక్టేవ్ కింద మెత్తగా ఉంటే అది 50, హీటర్ (వాల్వును లోపల వేడిచేసే తీగ) వైర్ల నుంచో ఇన్‌పుట్ వైపు నుంచో పట్టుకున్నది. 8 అంగుళాల స్పీకర్ 50 హెర్ట్జ్‌ను బాగా పలికించదు, కాబట్టి చెయ్యి కోన్‌కు తేలిగ్గా ఆనించి చూడండి. అమెరికన్ గైడ్లు చదివి వచ్చినవాళ్లు 60, 120 అని వెతుకుతున్నారు. వాళ్ల హమ్ ఏ షార్ప్‌కూ (A#) బీకీ (B) మధ్య ఉంటుంది, మనది జీ.

ఒక చిక్కు ఉంది. 50 వినిపిస్తూ హెచ్‌టీ కూడా తక్కువగా ఉంటే రెక్టిఫయర్‌లో ఒక సగం పనిచేయడం లేదు. 5వై3 సాకెట్ 4, 6 పిన్నుల మీద చాసిస్‌తో ఏసీ ఓల్టులు సమానంగా ఉన్నాయా చూడండి. అక్కడ 300 పైన ఉంటుంది. ఒక చెయ్యి జేబులో, నల్ల ప్రోబ్ క్లిప్పుతో చాసిస్‌కు.

చోటు తెలుసుకోవడానికి నా పద్ధతి ఇది. గిటార్ తీసేయండి. హమ్ పోతే తప్పు గిటార్‌ది, కేబుల్‌ది, ఆంప్‌ది కాదు. పోకపోతే వాల్యూమ్ తిప్పండి. హమ్ దానితో పాటు పెరిగితే మొదటి సగంలో, ఇన్‌పుట్ జాక్ దగ్గర ఉంది. మారకపోతే ఆంప్ ఆపి 12ఏఎక్స్7 తీసేసి మళ్లీ ఆన్ చేయండి. ఇప్పుడూ ఉంటే సరఫరాలోనో 6వీ6 (స్పీకర్‌ను నడిపే ఔట్‌పుట్ వాల్వు) దగ్గరో. ఒకటే ఔట్‌పుట్ వాల్వు ఉన్న ఆంప్‌లో కాస్త హమ్ ఉంటుంది. పుష్-పుల్‌లో (రెండు ఔట్‌పుట్ వాల్వులు ఎదురెదురుగా పనిచేసే పద్ధతి) రెండు వైపులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నట్టు ఇక్కడ జరగదు.

హీటర్ల మాట ఒక్కసారి. 6.3 ఓల్టుల వైండింగ్‌కు సెంటర్ ట్యాప్ (మధ్య నుంచి వచ్చే వైరు) ఉంటే దాన్ని గ్రౌండ్ చేయండి. లేకపోతే ఒక్కో కొస నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్ గ్రౌండ్‌కు. రెండు పనులూ ఒకేసారి వద్దు. ఒక్కో కొసకూ చాసిస్‌కూ మధ్య 3 ఓల్టులకు కాస్త పైన ఏసీ రావాలి. 12ఏఎక్స్7లో 4, 5 కలిపి ఒక వైరు, 9కి రెండోది. 4కూ 5కూ మధ్య ఇచ్చినవాళ్ల వాల్వు మసగ్గా వెలుగుతోంది, అందుకే అది పలకడం లేదు. హీటర్ వైర్లు గట్టిగా మెలి తిప్పి చాసిస్ మూలకు నొక్కిపెట్టండి. ఈ ఒక్క పనికి నేను ఎంత సమయమైనా పెడతాను.

రెండో ఫిల్టర్ కెపాసిటర్‌ను 8 నుంచి 22 మైక్రోఫారడ్‌కు పెంచడం నాకిష్టం. మొదటిదాన్ని మాత్రం పెంచుకుంటూ పోవద్దు, 5వై3కి భారం. ఏదైనా ముట్టుకునే ముందు ప్లగ్ తీసి, 10 కె, 5 వాట్ల రెసిస్టర్‌తో ఫిల్టర్లు ఖాళీ చేసి, మీటరుతో సరిచూసుకోండి.

అభ్యాసం: 6వీ6 పిన్ 3, 4, 8; 12ఏఎక్స్7 పిన్ 1, 3, 6, 8; హీటర్ కొసలు రెండూ. వీటి ఓల్టేజీలు పట్టికగా రాయండి. సాయంత్రం ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఒకసారి, గోడ సాకెట్ ఓల్టేజీ వేళను బట్టి మారుతుంటుంది కాబట్టి, పక్కన ఆ సమయంలో అది ఎంతుందో కూడా. ఆ తర్వాత లెక్క కట్టండి. 6వీ6 పిన్ 8 ఓల్టులను 470తో (అక్కడున్న బయాస్ రెసిస్టర్ ఓమ్‌లు) భాగిస్తే కరెంటు ఆంపియర్లలో వస్తుంది. 19 ఓల్టులైతే 40 మిల్లీ ఆంపియర్లు. పిన్ 3 మైనస్ పిన్ 8ని ఆ ఆంపియర్లతో గుణిస్తే ఆ వాల్వు ప్లేటు మీద పడే వాట్లు వస్తాయి. స్క్రీన్ వాటా కలిసి ఉంటుంది కాబట్టి కాస్త ఎక్కువే చూపిస్తుంది. 6వీ6జీటీకి పరిమితి పాత పట్టికల్లో 12 వాట్లు, తర్వాతి వాటిలో 14. మీ సంఖ్య అర్ధరాత్రి 14 దాటితే ఆ పట్టిక నాకు పంపండి, బయాస్ రెసిస్టర్ ఎంతకు మార్చాలో 8వ పాఠంలో దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను.