క్రాస్‌విండ్ ల్యాండింగ్ కుదరడం లేదా? ముందు ఇవి చూసుకోండి

గాలి ఎదురుగా ఉన్న రోజున ల్యాండింగులు బాగానే వస్తుంటాయి. అదే గాలి పక్కకు తిరిగిందంటే అరచేతులకు చెమట పడుతుంది. ఆ దశలో ఉన్న స్టూడెంట్ పైలట్ల కోసం ఇది రాస్తున్నాను. క్రాబ్ అంటే ఏమిటో, గాలి వైపు రెక్క దించి దిగడం ఎలాగో మీ ఇన్‌స్ట్రక్టర్ ఈపాటికి చెప్పే ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. అంకెలన్నీ సెస్నా 172వి.

అన్నిటికంటే ముందు: విండ్‌సాక్ (గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం) చూశారా?

ల్యాండింగ్ పాడైందని దిగులుగా వచ్చే ప్రతి స్టూడెంట్‌నీ నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. చాలామంది జవాబు చెప్పరు. టవర్ వాళ్లు గాలి చెప్పింది మీరు డౌన్‌విండ్‌లో (రన్‌వే పక్కగా, దిగే దిశకు ఎదురు దిశలో వెళ్తూ) ఉన్నప్పుడు. ఫైనల్‌కి, అంటే రన్‌వేకి తిన్నగా దిగే చివరి దారికి, వచ్చేసరికి అది పాతబడిపోతుంది. షార్ట్ ఫైనల్‌లో ఒక్క క్షణం విండ్‌సాక్ వైపు చూడండి. గాలి ఏ వైపు నుంచి వస్తోందో పైకే అనుకోండి: "గాలి ఎడమ, ఎడమ రెక్క కిందికి, కుడి కాలు." ఈ మాట నోటితో అన్నవాళ్లు తప్పు కాలు తొక్కడం నేను చూడలేదు.

లెక్క కూడా కష్టమేమీ కాదు. రన్‌వేకీ గాలికీ మధ్య 30 డిగ్రీలుంటే గాలిలో సగం అడ్డంగా తగులుతుంది. 45 ఉంటే దాదాపు ముప్పావు వంతు, 60 దాటితే మొత్తం అనుకోండి. హైదరాబాద్‌లో వానాకాలం గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వీస్తుంది. బేగంపేటలో రన్‌వే 27 (దిక్కు 270 డిగ్రీలు) మీద దిగుతుంటే గాలి 240 డిగ్రీల నుంచి 14 నాట్లు ఉందనుకోండి, అడ్డగాలి 7 నాట్లు. అదే 14 నాట్ల గాలి 230కి తిరిగితే 9 నాట్లు, 210కి తిరిగితే 12. వేగం మారకుండానే పని దాదాపు రెట్టింపైంది. 172 మాన్యువల్‌లో కనిపించే 15 నాట్లు టెస్ట్ పైలట్ చేసి చూపించిన అంకె. స్టూడెంట్ సోలోకి మీ స్కూల్ పెట్టిన పరిమితి దానికంటే తక్కువే ఉంటుంది, మీరు చూసుకోవాల్సింది దాన్ని.

సమస్య: ఫ్లేర్‌లో (నేల తాకే ముందు ముక్కు ఎత్తేటప్పుడు) విమానం గాలివాటుకి జరిగిపోతోంది

కారణం: ముక్కు తిన్నగా చేయడానికి రడ్డర్ (తోక మీది చుక్కాని) పెడల్ తొక్కగానే చేతులు యోక్‌ని (చేతి స్టీరింగ్) మధ్యకు తెచ్చేస్తున్నాయి. రెక్క లెవెల్ అవుతుంది, విమానం పక్కకు కొట్టుకుపోతుంది.

చేయాల్సింది: చేతి పని, కాలి పని వేరు చేసుకోండి. పక్కకు జరగకుండా ఆపేది ఎయిలెరాన్ (యోక్ తిప్పితే రెక్కల మీద కదిలే పలకలు). ముక్కు తిన్నగా ఉంచేది రడ్డర్. వేగం తగ్గేకొద్దీ రెండిటికీ పట్టు తగ్గుతుంది కాబట్టి ఫ్లేర్‌లో రెండూ ఇంకాస్త ఎక్కువ ఇవ్వాలి. రడ్డర్ చివరిదాకా తొక్కినా ముక్కు తిన్నగా నిలవకపోతే ఆ గాలి ఆ రోజుకి మీది కాదు. దిగడం మానేసి, పవర్ పెట్టి గో-అరౌండ్ వెళ్లిపోండి.

సమస్య: చక్రాలు తగలగానే ముక్కు కుడికి గుంజుకుంటోంది, టైర్లు కీచుమంటున్నాయి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. నన్ను ఎక్కువ రోజులు తిప్పలు పెట్టింది ఇదే.

ఒక అమ్మాయి, సోలోకి దగ్గరలో ఉంది. అన్నీ చక్కగా చేస్తుంది. ఎడమ నుంచి గాలి ఉంటే మాత్రం ముక్కు ఎడమకు తిరిగి ఉండగానే చక్రాలు ఆనించేస్తుంది. "కుడి రడ్డర్, కుడి రడ్డర్" అని నేను అరుస్తాను. తొక్కుతుంది, వెంటనే వదిలేస్తుంది. సార్టీ (ఒక్కో శిక్షణ ఫ్లైట్) తర్వాత సార్టీ "రడ్డర్ ఆలస్యం" అని రాస్తూ పోయాను. "సార్, ముక్కు తిన్నగానే ఉంది కదండీ, మీరు తొక్కమంటే కుడికి పోతోంది" అని ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పింది. నేను వినిపించుకోలేదు. టెన్షన్ వల్ల అలా అంటోందనుకున్నాను.

తప్పు కాలిలో లేదు, కంటిలో ఉంది. ఎడమ సీట్లో కూర్చున్న మీకు విమానం మధ్యభాగం జానెడు పైనే కుడిపక్కన ఉంటుంది. కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) ముందు అంచేమో మీ కంటికి దాదాపు రెండు మీటర్ల దూరంలోనే ఉంటుంది. కౌలింగ్ మధ్యభాగాన్ని రన్‌వే చివరతో కలిపి "తిన్నగా ఉంది" అనుకున్నారంటే, నిజానికి విమానం ఐదు డిగ్రీలకు పైనే ఎడమకు తిరిగి ఉన్నట్టు.

ఇప్పుడు దీనికి గాలి లెక్క కలపండి. 65 నాట్ల వేగంతో వస్తుంటే ఎడమ నుంచి 9 నాట్ల అడ్డగాలికి క్రాబ్ (ముక్కు గాలి వైపు తిప్పి ఉంచే కోణం) దాదాపు 8 డిగ్రీలు. క్రాబ్‌లో ఉన్న విమానమే ఆ అమ్మాయి కంటికి తిన్నగా కనిపిస్తోంది. రడ్డర్ ఎందుకు తొక్కుతుంది? నేను అరిస్తే తొక్కింది, ముక్కు నిజంగా తిన్నగా అయింది, తన కంటికది కుడికి పోయినట్టు కనబడింది, వదిలేసింది. గాలి కుడి నుంచి ఉంటే ఇదే తప్పు ఇంకోలా బయటపడుతుంది. క్రాబ్ తీసేటప్పుడు ఎడమకు ఎక్కువ తిప్పేస్తారు. ఏ గాలిలోనైనా చక్రాలు తగిలేసరికి ముక్కు ఎడమకే ఉంటుంది. 50 నాట్ల దగ్గర 5 డిగ్రీల వంకరంటే టైర్లు నాలుగు నాట్ల పైచిలుకు వేగంతో పక్కకు ఈడ్చుకుపోతున్నట్టే.

గాలి లేని రోజున ఇది పెద్దగా బయటపడదు. 172లో ప్రధాన చక్రాలు బరువు కేంద్రానికి వెనక ఉంటాయి కాబట్టి ముక్కు చిన్న కుదుపుతో దానంతటదే సర్దుకుంటుంది. టెయిల్‌వీల్ విమానంలో అలా కాదు, వంకర ఇంకా పెరిగి గిర్రున తిరిగిపోతుంది. మీది ఈ జబ్బో కాదో తేల్చుకోవాలంటే గాలి లేని ఉదయం దిగి చూడండి. అప్పుడు కూడా ముక్కు కుడికే గుంజుకుంటే ఇదే.

మందు తేలిక. ముక్కుచక్రం సరిగ్గా ట్యాక్సీవే గీత మీద ఉండేలా, విమానం గీతకు తిన్నగా ఉండేలా ఆపి పార్కింగ్ బ్రేక్ వేయండి. సీటు రోజూ ఎగిరేటప్పుడు ఎంత ఎత్తులో, ఎంత ముందుకు ఉంటుందో అలాగే పెట్టుకోండి. గీత దూరంగా సన్నబడి కలిసిపోయే చోటు చూడండి. మీకు తిన్నని దిక్కు అదే. అద్దంలో ఆ చోటు ఎక్కడ పడుతోందో అక్కడ గుర్తు పెట్టుకోండి.

ఆ రోజు మా దగ్గర పెన్సిల్ కూడా లేదు. ఆ అమ్మాయి బ్యాగ్‌లోంచి చిన్న బొట్టుబిళ్ల తీసి అద్దానికి అంటించింది. దాని కిందుగా చూస్తే కౌలింగ్ మధ్యభాగం లేదు, ఎడమ పక్క వంపు ఉంది. కాసేపు అలాగే చూసి, "ఇన్నాళ్లూ నేను చూసింది అక్కడ సార్" అని స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యలోని మొన) వైపు వేలు చూపించింది. ఆ రోజు మూడో ల్యాండింగ్‌కి నేను నోరు తెరవాల్సిన అవసరం రాలేదు.

సీటు ఒక్క నొక్కు జరిగినా గుర్తు మారిపోతుంది. అందుకే సీటు ఎప్పుడూ ఒకేచోట పెట్టుకోండి. రన్‌వే మధ్యలో ఉన్నారా లేదా అనేదానికి ఇంకో గుర్తు: సెంటర్‌లైన్ మీ కుడి మోకాలి కిందుగా పోతున్నట్టుండాలి. ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ కోసం కుడి సీటుకి మారేవాళ్లకి ఇదంతా తిరగబడుతుంది, మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి.

సమస్య: దిగాక గాలి వైపు రెక్క లేస్తోంది

చక్రాలు ఆనగానే పని అయిపోయిందని యోక్ వదిలేస్తున్నారు. వదలకండి. వేగం తగ్గేకొద్దీ యోక్‌ని గాలి వైపు ఇంకా తిప్పుతూ, చివరికి పూర్తిగా తిప్పి ఉంచండి. ముక్కు గాలిలోకి తిరగాలని చూస్తుంది, కాళ్లతో ఆపండి.

సమస్య: నేలను తాకకుండా తేలుతూనే ఉంది

వేగం ఎక్కువ. గాలి 12 నాట్లు, గస్ట్ (ఉన్నట్టుండి వచ్చే విసురు) 20 అంటే తేడా 8, అందులో సగం 4 నాట్లు కలిపితే చాలు. భయంతో 15 కలపకండి. గాలి గట్టిగా ఉంటే ఫ్లాప్స్ తగ్గించడం మంచిది.

ఒక టైర్‌లో గాలి తక్కువ ఉండటం, ఒక బ్రేక్ పట్టేయడం, రడ్డర్ ట్యాబ్ వంగి ఉండటం లాంటివి అరుదు. గాలి లేని రోజున ట్యాక్సీలోనే ఒక పక్కకు లాగుతుంటే డిఫెక్ట్ రాసి ఇంజనీర్‌కి చూపించండి.