పాత కెమెరా మీటరుకు చెవి మిషన్ బ్యాటరీ

1970ల నాటి కానోనెట్ లాంటి ఫిల్మ్ కెమెరాలు కొన్నవాళ్ళకు ఒకటే తలనొప్పి, అందులో వేసే 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ ఇప్పుడు తయారు కావట్లేదు, మామూలు 1.5 వోల్టులది వేస్తే వెలుతురు కొలిచే మీటరు తప్పు చూపి రీలంతా పాడవుతుంది. చెవి మిషన్ల షాపులో 675 నంబరు బ్యాటరీ అడగండి, 1.4 వోల్టులు, తేడా చాలా తక్కువ. పాత బ్యాటరీ కంటే చిన్నగా ఉండి గదిలో కదులుతుంది కాబట్టి పాత సైకిల్ ట్యూబులో 5 మి.మీ. వెడల్పు, 9 సెం.మీ. పొడవు ముక్క కోసి బ్యాటరీ చుట్టూ రెండు చుట్లు చుట్టండి. బ్యాటరీ పైన స్టిక్కర్ పీకి, దాని కింద ఉన్న చిన్న రంధ్రాలకు రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి బిగించండి. నాది అనంతపురంలో బాగా పనిచేస్తోంది.

స్టిక్కర్ తీశాక మాత్రం వాడినా వాడకున్నా కొన్ని వారాల్లో ఎండిపోతుంది, మన ఎండలకు ఇంకా త్వరగా, కాబట్టి ఫోటోలు తీసే రోజే పీకండి.