థర్మాకోల్ పెట్టెలో నాటుకోడి గుడ్లు పొదిగించడం

చేపల లోడు వచ్చే థర్మాకోల్ పెట్టె ఒకటి తెచ్చి, కడిగి ఎండబెట్టండి. గోడ అంగుళం మందానికి తగ్గకూడదు. ఒక చివర రెండు 40 వాట్ల ఫిలమెంటు బల్బులు బిగించండి. ఒకటి మాడిపోయినా రెండోది వెలిగేలా కనెక్షన్ ఉండాలి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు, వేడి రాదు. బల్బుకీ గోడకీ నాలుగు అంగుళాల ఎడం ఉంచి, మధ్యలో రేకు పెట్టండి. లేకపోతే థర్మాకోల్ కరుగుతుంది, అంటుకున్నా అంటుకుంటుంది. బల్బుల పక్కన 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను ఆగకుండా తిరగాలి. గాలి ఆడటానికి కింద రెండు, పైన రెండు పెన్సిలు పట్టేంత రంధ్రాలు.

బల్బులను వేసి ఆపడానికి డబ్ల్యూ 1209 థర్మోస్టాట్ (వేడిని బట్టి స్విచ్ వేసి ఆపే చిన్న బోర్డు) చాలు. దాని సెట్టింగుల్లో పీ0లో హెచ్ (వేడి చేసే పద్ధతి) ఉందో లేదో చూడండి. సీ (చల్లబరిచే పద్ధతి) ఉంటే వేడెక్కిన కొద్దీ బల్బులు వెలుగుతాయి, గుడ్లు ఉడుకుతాయి! పీ1ని (బల్బులు ఆగే, మళ్లీ వెలిగే వేడుల మధ్య తేడా) 0.3కి తగ్గించి, 37.6 డిగ్రీల సెల్సియస్ సెట్ చేయండి. సెన్సరు గుడ్ల ఎత్తులో, బల్బు వేడి నేరుగా తగలని చోట ఉండాలి.

బోర్డు చూపే అంకెను మాత్రం నమ్మకండి. గోరువెచ్చని నీళ్లలో సెన్సరునీ జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరునీ పక్కపక్కన ముంచండి. వచ్చిన తేడాను పీ4లో (సెన్సరు అంకెను సవరించే సెట్టింగు) సరిచేయండి. తేమ మీటరుకూ పరీక్ష ఉంది: తడిపిన ఉప్పుతో పాటు మూత బిగించిన డబ్బాలో ఓ పూట ఉంచితే 75 శాతం చూపాలి. ఎంత తప్పితే అంత లెక్కలో కలుపుకోండి. ఖాళీ పెట్టెను ఒక రోజంతా నడిపాకే గుడ్లు పెట్టాలి.

వారం దాటిన గుడ్లు వద్దు, కడగనూ వద్దు. పెన్సిలుతో ఒకవైపు గుర్తు పెట్టి, రోజుకు మూడుసార్లు తిప్పండి. తిప్పకపోతే పిండం పెంకుకు అతుక్కుంటుంది. 18వ రోజు దాకా తేమ 50-55 శాతం. తేమ కోసం లోపల పెట్టే నీళ్ల గిన్నె వెడల్పు పెంచితే తేమ పెరుగుతుంది, లోతు పెంచితే లాభం లేదు. ఏడో రోజు చీకట్లో టార్చి పెట్టి చూడండి. ఎర్రటి నరాలు కనిపించనివి తీసేయండి.

18వ రోజు నుంచి తిప్పడం ఆపి, అడుగున గోనె గుడ్డ పరవండి. నున్నటి నేల మీద పిల్లల కాళ్లు పక్కలకు జారి ఎడంగా విడిపోతాయి. తేమ 65-70కి పెంచండి. పెంకు పగిలాక మూత తెరిస్తే తేమ పోయి, లోపొర ఆరి పిల్లకు బిగుసుకుంటుంది. చూడాలనిపిస్తే మూతకు ముందే గాజు ముక్క బిగించుకోండి.

కరెంటు పోతే రంధ్రాలు సగం మూసి, వేణ్ణీళ్ల సీసాలు పెట్టండి. ఒకట్రెండు గంటల చల్లదనాన్ని పిండం తట్టుకుంటుంది గానీ 40 డిగ్రీలు దాటిన వేడిని తట్టుకోలేదు.