అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ వాడే అలవాటు ఎలా మానుకున్నానంటే

ఏళ్ల తరబడి అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్, చివర అంకె మాత్రం మార్చేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే చూస్తే, ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఒక అకౌంట్ వివరాలు బయటికి పోయాయని మెయిల్, దాని పైనే నా ఈమెయిల్‌లోకి ఎవరో లాగిన్ అవ్వబోయారని ఇంకోటి. గుండె ఝల్లుమంది. 2013లో సైబర్ భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ మొదలుపెట్టిన, మన వివరాలు బయటికి పోయాయో లేదో చెప్పే ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ వెబ్‌సైట్‌లో నా మెయిల్ ఐడీ వెతికితే నిజమేనని తేలింది.

ఆ రాత్రే పాస్‌వర్డ్‌లన్నీ భద్రంగా దాచిపెట్టే బిట్‌వార్డెన్ అనే యాప్ పెట్టుకున్నాను. దాన్ని తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్‌గా ఒకదానికొకటి సంబంధం లేని ఐదు మాటలు. అది మర్చిపోతే కంపెనీవాళ్లు కూడా చెప్పలేరు కాబట్టి, రెండంచెల లాగిన్‌కి ఇచ్చే రికవరీ కోడ్‌తో సహా కాగితం మీద రాసి బీరువాలో దాచాను. ముందు ఈమెయిల్ పాస్‌వర్డే మార్చండి, మిగతా వాటి రీసెట్ లింకులన్నీ వచ్చేది అక్కడికే. తర్వాత బ్యాంకు. మిగతావి లాగిన్ అయినప్పుడల్లా ఒక్కొక్కటే, 20 అక్షరాల కొత్త పాస్‌వర్డ్ బిట్‌వార్డెనే తయారుచేసి ఇచ్చింది.

నాకు బాగా నచ్చింది ఆటోఫిల్, అంటే సైట్ అడ్రస్ సరిపోలితేనే పాస్‌వర్డ్ తనే నింపడం. మొన్న బ్యాంకు పేరుతో వచ్చిన లింకు నొక్కితే పేజీ అచ్చం అలాగే ఉంది, కానీ ఆటోఫిల్ ఏమీ చూపించలేదు. అడ్రస్ బార్‌లో చూస్తే ఒక్క అక్షరం తేడా! వెంటనే మూసేశాను.

అన్నట్టు, బ్రౌజర్‌లోని పాత పాస్‌వర్డ్‌లు ఎక్స్‌పోర్ట్ చేసి ఇందులోకి తెచ్చుకున్నాక ఆ సీఎస్‌వీ ఫైల్ తప్పకుండా డిలీట్ చేయండి, అందులో అన్నీ ఎవరైనా చదివేలా ఉంటాయి.