మార్చి 31 రాకముందే మీ లిస్టు స్క్రీన్లు తెరిచి చూడండి

ఈమధ్య ఒక హోల్‌సేల్ ఆఫీసులో 90 రోజులు దాటిన బాకీల లిస్టు తీసి, అందులో ఉన్న పార్టీలందరికీ మెసేజ్‌లు పంపారు. చాలామంది పాత పార్టీలకు అవి వెళ్లనేలేదు. డేటాబేస్‌లో రికార్డులన్నీ భద్రంగానే ఉన్నాయి. కానీ యాప్‌లో లిస్టు చూపించే స్క్రీన్ మొదటి 500 మాత్రమే తెచ్చుకుని, ఫిల్టర్ వాటి మీదే వేసింది. ఎర్రర్ ఏమీ రాలేదు కాబట్టి ఎవరికీ అనుమానం కలగలేదు.

ఇలాంటి స్క్రీన్లు తయారుచేసేవాళ్లకు లిస్టు నెమ్మదిగా రావడం గురించి నేను చెప్పక్కర్లేదు, వాడేవాళ్లే ఫోన్ చేసి తిడతారు. కొంపముంచేది వేరే ఉంది: లోడ్ అయిన ముక్కనే మొత్తం అనుకోవడం.

పవర్ యాప్స్ (యాప్‌లు తయారుచేసుకునే మైక్రోసాఫ్ట్ టూల్) వాడేవాళ్లు ముందు ఇది చూసుకోండి. డేటా సోర్స్‌కు అప్పగించలేని, అంటే డేటా ఉన్నచోటే నడపలేని ఫార్ములా రాస్తే, యాప్ డిఫాల్టుగా మొదటి 500 రికార్డులు తెచ్చుకుని వాటిలోనే వెతుకుతుంది. సెట్టింగ్ పెంచినా 2,000 దాటదు. హెచ్చరిక కనిపించేది యాప్ తయారుచేసే మీకే. వాడే గుమాస్తాకు కనిపించదు.

ఇది చిన్న ఆఫీసుల గొడవే అనుకోకండి. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ లెక్కల్లో 15,841 కోవిడ్ కేసులు సమయానికి చేరలేదు. పాత ఎక్సెల్ ఫార్మాట్ 65,536 వరుసల దగ్గర ఆగిపోవడమే కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. అక్కడా అదే, వచ్చిన ముక్కే మొత్తం అనుకున్నారు.

లిస్టును పేజీలుగా చూపించాలా, స్క్రోల్‌గానా అంటే, అకౌంట్స్ పనికి పేజీలే పెట్టండి. వోచర్లు టిక్కు పెట్టుకుంటూ పోయే మనిషికి తాను ఎక్కడున్నాడో తెలియాలి. కిందికి లాగేకొద్దీ వచ్చే లిస్టు నోటిఫికేషన్లకు సరిపోతుంది.

పేజీల్లోనూ ఒక గుంట ఉంది. ఆఫ్‌సెట్‌తో, అంటే ‘మొదటి ఇన్ని వరుసలు వదిలేసి తర్వాతవి తే’ అనే పద్ధతిలో, పేజీలు తిప్పుతుంటే, మీరు ఒకటో పేజీలో ఉండగా ఎవరో అందులోని వోచర్ డిలీట్ చేస్తే రెండో పేజీలోని మొదటి వరుస పైకి జరుగుతుంది. మీరు రెండో పేజీకి వెళ్లేసరికి అది అక్కడ ఉండదు, కంట పడకుండానే పోతుంది. పైన కొత్త వరుస చేరితే ఉన్నదే రెండుసార్లు కనిపిస్తుంది. చివరగా చూసిన వరుస తేదీ, ఐడీ గుర్తుపెట్టుకుని అక్కడి నుంచి తెచ్చుకుంటే ఈ బాధ లేదు. తేదీ ఒక్కదాని మీదే సార్ట్ చేస్తే ఇయర్ ఎండింగ్‌లో దొరికిపోతారు. వందల వోచర్లకు అదే మార్చి 31 ఉంటుంది, వాటిలో ఏది ముందో డేటాబేస్ హామీ ఇవ్వదు. పక్కన ఐడీ తప్పనిసరి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చెప్పొచ్చు. బాకీ అలా చెప్పలేం. అందుకే:

– లిస్టు కింద ‘టోటల్’ అని ఉత్తినే రాయొద్దు. ఈ పేజీదా, మొత్తానిదా చెప్పండి.
– ‘అన్నీ సెలెక్ట్’ నొక్కితే ఎన్ని సెలెక్ట్ అయ్యాయో అంకె చూపించండి. ఆ తర్వాతే డిలీట్ బటన్.
– ఫిల్టర్, సార్టింగ్ సర్వర్‌లోనే. వచ్చిన ముక్క మీద కాదు.
– ఎవరికి ఏ బ్రాంచి కనిపించాలన్న పర్మిషన్లూ సర్వర్‌లోనే. 50 తెచ్చి 43 దాచేస్తే, మిగిలిన ఏడే ఉన్నాయనుకుని మనిషి లేచిపోతాడు.
– ఎక్స్‌పోర్ట్‌కు క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) మళ్లీ నడపండి, స్క్రీన్ మీద ఉన్నది కాపీ కొట్టొద్దు.
– ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలే పడతాయి. దాటితే ఫైలు ఇవ్వకండి, ఆపి చెప్పండి.
– మొత్తం లెక్కపెట్టడం సర్వర్‌కు భారమైతే ‘ఇంకా ఉన్నాయి’ అనైనా రాయండి. ఖాళీగా వదలొద్దు.
– నలభై రికార్డుల టెస్ట్ డేటాతో ఓకే చెప్పొద్దు. యాభై వేలు పోసి, అందులో అన్నిటికంటే పాత ఇన్‌వాయిస్ వెతకండి. దొరక్కపోతే ఆ స్క్రీన్ బయటికి పోకూడదు.
– మార్చి చివరి వారంలో కొత్త లిస్టు స్క్రీన్ ఎవరడిగినా ఇవ్వొద్దు. పాతదానిలో తేడా కనిపిస్తే ముందు డేటాబేస్‌లో నేరుగా లెక్క తీసి అకౌంట్స్ వాళ్ల చేతికివ్వండి, స్క్రీన్ సంగతి ఏప్రిల్‌లో చూడొచ్చు.