రమ్మీ వచ్చిన ఇంట్లో టికెట్ టు రైడ్ నేర్పాలంటే

ఇంట్లో పెద్దవాళ్లకి రమ్మీ వస్తే చాలు, మొదటి బోర్డ్ గేమ్‌గా టికెట్ టు రైడ్ పెట్టండి. ఆలన్ మూన్ రూపొందించిన ఈ ఆట 2004లో వచ్చింది. విశాఖ ఎంవీపీ కాలనీలో మా అత్తయ్య, మామయ్య ఆదివారం భోజనాలవగానే బోర్డు తీయమంటున్నారు.

రూల్స్ పుస్తకం చదివి వినిపించకండి, ఎవరూ వినరు. మనిషికి 45 రైలుపెట్టెలు, 4 ముక్కలు పంచేసి, "ఒకే రంగు ముక్కలు పోగేసి ఊరికీ ఊరికీ మధ్య లైను వేయాలి" అని చెప్పండి. ఇంజిన్ బొమ్మ ముక్క జోకర్. ఆ మాట వినగానే మామయ్య కళ్లజోడు సర్దుకుని కుర్చీ ముందుకు జరుపుకున్నారు. మామూలుగా వంతుకి రెండు ముక్కలు తీయొచ్చు. బల్ల మీద తెరిచి ఉన్న జోకర్ తీస్తే మాత్రం అదొక్కటే. ఇది ముందే చెప్పకపోతే గొడవ ఖాయం.

టికెట్లు, అంటే ఏ ఊరి నుంచి ఏ ఊరికి లైను కలపాలో చెప్పే ముక్కలు, మూడిస్తారు, కనీసం రెండు ఉంచుకోవాలి. పూర్తికాకపోతే పాయింట్లు పోతాయి కాబట్టి కొత్తవాళ్లని దగ్గరి ఊళ్లవే ఉంచుకోమనండి. ఒక పెట్టె లైనుకి 1 పాయింటే, ఆరు పెట్టెల లైనుకి 15! ఎవరి దగ్గరైనా రెండు పెట్టెలో అంతకంటే తక్కువో మిగిలితే అందరికీ చివరి వంతు.

మన విశాఖ ఉక్కకి ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి, అంచులు వంకర తిరుగుతాయి. అందుకే స్లీవ్స్ (ముక్కలకి తొడిగే ప్లాస్టిక్ కవర్లు) తప్పనిసరి. ఎడిషన్‌ని బట్టి సైజు మారుతుంది, ముక్కని స్కేలుతో కొలిచాకే కొనండి. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో మారుస్తూ ఉండండి.