నాలుగు సిలిండర్ల చిన్న కారుకు సైలెన్సర్ మార్పించేటప్పుడు

చిన్న కారుకు సైలెన్సర్ మార్చాలనుకునేవారు ముందుగా బండి పేరు కాక ఇంజన్ ఏదో చూసుకోవాలి. 2010 నుంచి వచ్చిన 1.2 లీటర్ల పెట్రోల్ స్విఫ్ట్‌లో నాలుగు సిలిండర్లు ఉండేవి. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో ఉన్నవి మూడే. ఇక్కడ చెప్పేది నాలుగు సిలిండర్ల ఇంజన్ గురించే. ఇంత చిన్న ఇంజన్‌కు వెనుక గొట్టం మార్చినందువల్ల పరుగు చెప్పుకోదగినంత పెరగదు. మారేది ప్రధానంగా శబ్దమే. తుప్పు పట్టిన పాత గొట్టం స్థానంలో మన్నికైనది రావడం అదనపు లాభం.

సిలిండర్ల పొగను ఒక గొట్టంలోకి చేర్చే మానిఫోల్డునూ, దానివెంటే ఉండి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ, పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్లనూ కదిలించవద్దు. పని అంతా కన్వర్టర్ తరువాతి భాగంలోనే జరగాలి. కన్వర్టర్ తీసివేసి ఖాళీ గొట్టం బిగిస్తామనే షెడ్డు నుంచి బండిని వెనక్కి తెచ్చుకోవడం మేలు, ఎందుకంటే చెక్ ఇంజన్ దీపం వెలగడంతోపాటు పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెరిగి కాలుష్య పరీక్షలో బండి తప్పుతుంది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరిన బండిని నడిపితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద తొలిసారికే మూడు నెలల వరకు జైలు గాని, పదివేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. లైసెన్సుపై మూడు నెలల అనర్హత కూడా ఉంటుంది.

గొట్టం లావు విషయంలోనే చాలామంది దారి తప్పుతారు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ప్రతి అర చుట్టుకు ఒక సిలిండర్ పొగను బయటికి నెడుతుంది. గొట్టం అవసరానికి మించి లావైతే ఆ పొగ వేగం తగ్గి, తక్కువ చుట్ల వద్ద లాగుడు మందగిస్తుంది. హనుమకొండ చౌరస్తాలో రెండో గేరులో పాకుతూ పోయేవారికి కావలసింది ఆ లాగుడే. కంపెనీ గొట్టం బయటి వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిచి, దానికి పావు అంగుళానికి మించి కలపవద్దు, 1.2 లీటర్లకు రెండు అంగుళాలు దాటనవసరం లేదు. మధ్యలోని చిన్న డబ్బాను, అంటే మోతను తగ్గించే రెసొనేటర్‌ను, అలాగే ఉంచాలి. నిమిషానికి 2,400 చుట్ల వద్ద ఈ ఇంజన్ సెకనుకు 80 పొగ దెబ్బలు కొడుతుంది. రెసొనేటర్ తీసివేస్తే హైదరాబాదు రహదారిపై గంటసేపు వెళ్లేసరికి ఆ గుంయిమనే మోత తలనొప్పి తెప్పిస్తుంది. తేలికైన బండి కావాలని దాన్ని కోయించేవారు చివరికి మళ్లీ పెట్టించుకోక తప్పదు.

గొట్టానికి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మేలు, దానికి ఆర్గాన్ వెల్డింగ్ వేయించాలి. నీళ్ల పైపులకు వాడే, జింకు పూత పూసిన జీఐ ఇనుప గొట్టం చవకగా దొరికినా వద్దు. వెల్డింగ్ వేడికి ఆ పూత కాలి వచ్చే పొగ పీల్చిన పనివాడికి జ్వరం పట్టుకుంటుంది.

ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాత, చదునైన గచ్చు మీద బండిని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపాలి. జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరకూడదు. తుప్పు పట్టిన బోల్టులకు ముందురోజే నూనె పట్టించి, వేలాడదీసే రబ్బర్లను సబ్బునీళ్లతో జార్చితే చిరగకుండా ఊడివస్తాయి. కొత్త గొట్టాన్ని పాతదాని పక్కన నేలమీద పరచి, కొక్కేల స్థానాలు సరిచూసి, బండికి బిగించి చుక్క వెల్డింగ్ (అక్కడక్కడ చిన్న అతుకులు) మాత్రమే వేయించి, గొట్టాన్ని మళ్లీ కిందికి దించి పూర్తి వెల్డింగ్ చేయించాలి. వెనుక గొట్టం పెట్రోలు ట్యాంకు దగ్గరగా సాగుతుంది కాబట్టి ఈ క్రమాన్ని ఎంత తొందరున్నా తప్పించవద్దు. బండి మీద చుక్క వేసేటప్పుడైనా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, వెల్డింగ్ ఎర్త్ క్లిప్పును అతుకు పక్కనే గొట్టానికి తగిలించాలి. జాయింటు వద్ద స్ప్రింగు బోల్టులు ఉంటే వాటి స్థానంలో మామూలు బోల్టులు వేయవద్దు. అడ్డంగా కూర్చున్న ఇంజన్ ఊగినప్పుడు ఆ స్ప్రింగులే గొట్టాన్ని పగలకుండా కాపాడతాయి. గాస్కెట్ మాత్రం కొత్తదే వేయాలి.

ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్టు చేసి, గొట్టం చివరను తడిగుడ్డతో క్షణకాలం అదిమి, అతుకుల మీద సబ్బునీళ్లు పోస్తే కారుతున్న చోట బుడగలు లేస్తాయి. కన్వర్టర్‌కు ముందు ఏ చిన్న చీలిక ఉన్నా బయటి గాలి సెన్సర్‌ను పక్కదారి పట్టిస్తుంది. కన్వర్టర్ వెనుక ఉన్న చీలిక బండి లోపలికి పొగ తెస్తుంది. తరువాత నలుగురిని కూర్చోబెట్టి, ఊళ్లలోని స్పీడ్ బ్రేకర్లను దాటించి, గొట్టం ఎక్కడైనా తగులుతున్నదేమో చూడాలి.

కోతల కాలంలో రోడ్ల మీద పరచిన వరిగడ్డి గొట్టానికి చుట్టుకుని, కన్వర్టర్ వేడికి అంటుకునే ప్రమాదముంది. కొత్త కొక్కేలు గడ్డిని మరింత పట్టేస్తాయి కాబట్టి వాటి మొనలు అరగదీయించి, అలాంటి రోడ్డు దాటగానే ఆగి అడుగు భాగం చూసుకోవాలి. కొద్దిరోజులు నడిచాక బోల్టులు మరోసారి బిగించి, కాలుష్య పరీక్ష చేయించి, ఆ పత్రాన్ని బండిలోనే ఉంచాలి.